గొల్లభామ తిరిగిన వైపు

ఆ మనిషి పోయాడని చెప్పడానికి అతని కొడుకు పోయిన ఆదివారం సత్యనారాయణపేటలోని మా ఇంటికి వచ్చాడు. వస్తూ వస్తూ నీళ్ల సీసాలో ఒక గొల్లభామను పెట్టుకొచ్చాడు. సీసా మూతకు సూదితో బెజ్జాలు పొడిచి ఉన్నాయి. చావు కబురు చెప్పడానికి పురుగును వెంటబెట్టుకుని వచ్చే కుటుంబం బళ్లారి జిల్లా మొత్తంలో అదొక్కటే అయివుంటుంది.

"మా నాయన పోయినాడు సార్. పదైదు దినాలాయ," అన్నాడు. నలభై అయిదేళ్లు దాటిన మనిషి. గనుల దగ్గర లారీ నడుపుతాడు. చెప్పులు గేటు బయటే విడిచి, సీసాను రెండు చేతులతో పట్టుకుని వాకిట్లో నిలబడ్డాడు.

నేను "అయ్యో" అన్నాను. అనాలి కాబట్టి అన్నాను. లోపల నాకేమీ అనిపించలేదు. నా ముఖం చూసి మా ఆవిడకు సంగతి అర్థమైపోయింది. కాఫీ గ్లాసు చేతికిస్తూ, "పోయినాయన గురించి ఇప్పుడన్నా ఒక మంచి మాట చెప్పకూడదా?" అని గొణిగింది. ఎంత వెతుక్కున్నా ఒక్కటీ దొరకలేదు. కొడుకు నన్నేదో అడగాలని వచ్చాడు. అదేమిటో తర్వాత చెబుతాను. ముందు ఆ తండ్రి ఎలాంటివాడో చెప్పనివ్వండి.

అతను బోరు పాయింట్లు చూసేవాడు. సండూరు తాలూకాలో బండ్రి చుట్టుపక్కల ఎవరు బోరు వేయించాలన్నా ముందు అతన్ని పిలిచేవాళ్లు. ఈ పని చేసేవాళ్లలో కొందరు అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని చేనంతా తిరుగుతారు. కొందరు పంగలున్న వేపపుల్ల పట్టుకుని తిరుగుతారు. ఇతను గొల్లభామతో చూసేవాడు. పుల్ల చివర గొల్లభామను కూర్చోబెట్టి, చేను మధ్యన నిలబడి, "చెప్పు తాయీ, యాడుండాది గంగమ్మ?" అని అడిగేవాడు. అది ముందు కాళ్లు రెండూ ముడుచుకుని, దండం పెట్టినట్టు కాసేపు ఊరుకుని, తల ఒక పక్కకు తిప్పేది. ఆ పక్కన నీళ్లున్నట్టు లెక్క. చుట్టూ నిలబడ్డ పెద్దమనుషులు చెప్పులు విడిచి దానికి చేతులు జోడించేవాళ్లు.

నా సంగతి కూడా చెప్పాలి. పియు కాలేజీలో ఇంటర్ పిల్లలకు జీవశాస్త్రం చెప్పి మూడేళ్ల కింద రిటైరయ్యాను. గొల్లభామలను చూడడం నాకు ఇరవై ఏళ్ల అలవాటు. పట్టుకోను, చంపను, అట్టముక్కకు గుచ్చిపెట్టను. అవి ఉన్నచోటికే పోయి, గంటలకొద్దీ కూర్చుని, చూసింది చూసినట్టు నోటుబుక్కులో రాసుకుంటాను. ఆకు ఊగినట్టు ఎలా ఊగుతాయో, ఈగను పట్టాక ముందు తలే ఎందుకు కొరుకుతాయో, తిన్న తర్వాత పిల్లి మూతి తుడుచుకున్నట్టు కాళ్లు ఎలా శుభ్రం చేసుకుంటాయో, అన్నీ ఆ నోటుబుక్కుల్లో ఉన్నాయి. బండ్రి దగ్గర మా చిన్నాయన చేను ఉంది. సెలవు దొరికితే అక్కడికే పోయేవాణ్ణి. అలాంటి నాకు ఇలాంటివాడు తగిలితే ఎలా ఉంటుంది?

మొదటిసారి తగిలింది కూడా అక్కడే. వానలు వెనకబట్టిన రోజులు. చిన్నాయన చేని గట్టున ఒక తంగేడు పొద మీద ఆడ గొల్లభామ గుడ్లు పెడుతోంది. అది కొమ్మకు తలకిందులుగా వేలాడుతూ, పొట్ట చివర నుంచి నురగ తీసి, ఆ నురగలో వరస తప్పకుండా గుడ్లు పేరుస్తుంది. నురగ ఆరితే గట్టి గూడవుతుంది. మొదలు నుంచి చివరిదాకా ఆ పని చూడాలని ఏళ్ల తరబడి కాచుకున్నాను. రెండు గంటలు కదలకుండా కూర్చున్నాను, కాళ్లు తిమ్మిరెక్కాయి. సగం గూడు పూర్తయింది. అప్పుడు నా భుజం మీద నుంచి ఒక చెయ్యి వచ్చి, గొల్లభామను నడుము దగ్గర ఒడుపుగా పట్టి ఎత్తుకుపోయింది.

తిరిగి చూస్తే ఇతను. ఎవరో కాలువల ఆఫీసు వాచ్‌మన్ విడిచిన ఖాకీ చొక్కా, లుంగీ, నోటి నిండా ఆకూ వక్కా.

"ఏంటయ్యా ఇది? అది గుడ్లు పెడుతోంది, కనిపించడం లేదా?" అని అరిచాను.

"రేపు పెడ్తాది లేండి సార్. పక్క చేన్లో జనం కాసుకోని ఉండారు," అన్నాడు.

సగం నురగ అలాగే కొమ్మకు ఆరిపోయింది. ఆ రోజు నోటుబుక్కులో ఏం రాశానో ఇక్కడ రాయలేను.

ఆ తర్వాత అతన్ని కనీసం పదిసార్లు చూసివుంటాను. అన్నిసార్లూ ఒకటే నాటకం. ఏ చేనులో నీళ్లు చూడాలో, ఆ చేనులో పుట్టిన పురుగే కావాలి. "బయటూరి పురుగుకు ఈ నేల సంగతి ఏం తెల్సు?" అనేవాడు. అందుకని ముందు పురుగును వెతకాలి. పొద్దున వచ్చినవాడు ఎండ నెత్తికెక్కేదాకా చేనంతా వెతుకుతూ తిరిగేవాడు. గట్లు తిరిగేవాడు, పుట్టల చుట్టూ తిరిగేవాడు, పాడుబడ్డ బావుల్లోకి తొంగిచూసేవాడు. మధ్యలో కూర్చుని మట్టి పిడికెడు తీసి వాసన చూసి పారేసేవాడు. రైతు పాపం తొందరపడి తనే ఒక గొల్లభామను పట్టి తెచ్చిస్తే, అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది మగదప్పా. అబద్ధాలు చెప్తాది," అని పొదలోకి విసిరేసేవాడు. నిజానికి అది ఆడది. పొట్ట చూస్తే చంటిపిల్లకైనా తెలుస్తుంది. ఇంత డాబు చేస్తే గాని కోడికూర పెట్టరని ఈ తిరుగుడంతా అని నేను అనుకునేవాణ్ణి.

కోడికూర తప్పనిసరి. సజ్జ రొట్టె, కోడికూర, తిన్నాక చింతచెట్టు కింద ఒక కునుకు. చేతులు కడుక్కోడు, తలకు రుద్దుకుంటాడు. ఆ తలకు నూనె కొనే పని ఎప్పుడూ పడివుండదు.

అబద్ధాలు కూడా అప్పటికప్పుడు అల్లేవాడు. గొల్లభామ కంట్లో ఒక నల్లచుక్క ఉంటుంది. మనం ఎటు జరిగితే అది అటు జరిగి మననే చూస్తున్నట్టు ఉంటుంది. అది కంటి నిర్మాణం వల్ల వచ్చే భ్రమ, అది మనను చూస్తున్నట్టు కాదు. అదే మాట ఒకసారి అతనికి విడమరచి చెప్పాను. అంతా విని, "అదే సార్ నేను చెప్పేది. అమ్మ నన్నే చూస్తాంది," అన్నాడు. ఆడది మగదాన్ని తినేయడం గురించి ఎవరో అడిగితే, "వాడు నీళ్లు తప్పు చెప్పినాడు, అందుకే తినేసింది," అన్నాడు. జనం నోళ్లు తెరుచుకుని విన్నారు. నేను ఇరవై ఏళ్లు కూర్చుని రాసిన నోటుబుక్కుల్లో ఒక్క పేజీ కూడా ఈ జిల్లాలో ఎవడూ అడిగి వినలేదు.

అసలు కిటుకు కనిపెట్టడానికి నాకు మూడుసార్లు చూడడం సరిపోయింది. గొల్లభామ కదిలేదాన్ని చూస్తుంది. ఎదురుగా కొండ ఉన్నా పట్టించుకోదు, కొండ మీద చీమ కదిలితే తల తిప్పుతుంది. ఇతను పుల్లను ఎడమ చేత్తో పట్టుకుంటాడు. కుడి చెయ్యి ఊరికే వేలాడేసినట్టు పక్కన ఉంటుంది. ఆ చేతి చిటికెన వేలికి రాగి ఉంగరం ఉంటుంది. అడిగేది అడిగి, కళ్లు మూసుకుని, ఆ చిటికెన వేలిని మెల్లగా ఆడిస్తాడు. గొల్లభామ అటు తిరుగుతుంది. అంతే. ఇంతటి మోసానికి ఇన్నేళ్లుగా దండాలు పెడుతున్నారు. అతని మీద అసహ్యం ఎంత ఉందో, దండం పెట్టేవాళ్ల మీద అంతకు రెండింతలు ఉండేది.

పదేళ్ల కింద, శివరాత్రికి ముందు, మా చిన్నాయన అతన్ని పిలిపించాడు. చిన్నాయనది రెండెకరాల అంజూర తోట. సొంత చేతులతో నాటి, పసిపిల్లల్ని సాకినట్టు సాకాడు. ఉన్న బోరు ఆ ఏడు ఎండిపోయింది. ఆకులు అంచుల్లో మాడుతున్నాయి. నెల లోపల నీళ్లు పడకపోతే తోట దక్కదు. నేను వద్దన్నాను. జియాలజీ చదివినవాళ్లను పిలిపిద్దామన్నాను. చిన్నాయన, "వాడూ చూడనీ, వాళ్లూ చూడనీరా," అన్నాడు.

ఇతను వచ్చాడు. మామూలుగానే మూడు గంటలు తిరిగాడు. చివరికి ఒక పురుగును పట్టి, తోట మధ్యలో నిలబడ్డాడు. చిన్నాయన, ఆయన కొడుకు, చుట్టుపక్కల రైతులు, బోరు వేసే రిగ్గు లారీ తాలూకు మనిషి అందరూ చెప్పులు విడిచారు. గొల్లభామ ఉత్తరపు గట్టు వైపు, పుట్ట ఉన్న మూలకు తల తిప్పింది. చిన్నాయన చేతులు పైకి లేచాయి.

నేను ఇంక ఉండబట్టలేకపోయాను. "ఆగండి," అని ముందుకు పోయి అతని చేతిలోని పుల్ల లాక్కున్నాను. "అందరూ ఇతని చిటికెన వేలు చూశారా? నీళ్లను చూసి కాదు, ఆ వేలిని చూసి పురుగు తిరుగుతోంది. ఇదిగో చూడండి." నేను రోడ్డు వైపుకు నిలబడి నా వేలు ఆడించాను. గొల్లభామ ఠపీమని రోడ్డు వైపు తిరిగింది. "ఏమయ్యా, ఇప్పుడు నీళ్లు నడుచుకుంటూ రోడ్డు దగ్గరికి పోయాయా?" అన్నాను.

అందరూ విరగబడి నవ్వారు. చిన్నాయన నవ్వలేదు. నన్నే చూస్తూ నిలబడ్డాడు. ఆ మనిషి మాత్రం ఒక్క మాటైనా బుకాయించలేదు. ఉంగరాన్ని తువ్వాలుతో తుడుచుకుని, "ఆయ్తు బిడి సార్," సరే వదిలేయండని కన్నడంలో అనేసి, తువ్వాలు దులుపుకుని భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. వండిన కోడికూర తినకుండా పోయింది నాకు తెలిసి ఆ ఒక్కసారే. ఆ కూర నేను తిన్నాను. చాలా బాగుంది. సాయంత్రం బస్సుకు బళ్లారి వచ్చేశాను.

మరునాడు ఫోను వచ్చింది. చిన్నాయన అప్పటికే బోరు వేయించేశాడు. ఎక్కడ? రోడ్డు వైపు. నేను తమాషాకు వేలు ఆడించిన చోట. ఎంత లోతుకు పోయినా దుమ్ము తప్ప తడి తగల్లేదట.

"అయ్యో చిన్నాయనా, అది నేను ఊరికే చూపించానే! అక్కడ ఎందుకు వేయించావు?" అని మొత్తుకున్నాను.

చిన్నాయన, "పోనీలేరా," అన్నాడు.

రెండో బోరుకు అప్పుడు శక్తి లేదు. ఉగాది నాటికి ఆకులన్నీ రాలిపోయాయి. చెట్లు కొట్టించి, ఇటుకల బట్టీకి పంపించి, వాన మీద ఆధారపడి సజ్జలు చల్లుకున్నాడు. నేను బాధపడ్డాను. కాని బాధకన్నా కోపం ఎక్కువ. మోసాన్ని కళ్ల ముందు విప్పి చూపించినా, పురుగు తల తిప్పిందని అటే తవ్వించిన మనిషిని ఏమనాలి? ఏడేళ్లపాటు ఈ కథను నా క్లాసులో చెప్పాను. ప్రతి ఏడూ మొదటి వారంలోనే చెప్పేవాణ్ణి. చిన్నాయన పేరు చెప్పేవాణ్ణి కాదు, "ఒక రైతు" అనేవాణ్ణి. పిల్లలు పడీ పడీ నవ్వేవాళ్లు. మూఢనమ్మకం అంటే ఏమిటో వాళ్లకు మళ్లీ వివరించాల్సిన పని ఉండేది కాదు.

రెండేళ్లకు పక్క చేని రైతు ఉత్తరపు గట్టుకు అవతల, ఆ మనిషి చూపిన మూలకు పది అడుగుల దూరంలో బోరు వేశాడు. నీళ్లు పడ్డాయి. కాకతాళీయం అనుకున్నాను. ఇప్పటికీ అదే అనుకోవడానికి ప్రయత్నిస్తున్నాను.

అతనితో నేను చివరిసారి మాట్లాడింది కురుగోడు బస్టాండులో. కాలువ గట్ల మీద పచ్చ గొల్లభామలు ఎక్కువని విని పోయాను. బస్టాండు హోటల్లో ఇతను మరమరాల వగ్గాణి, మిరపకాయ బజ్జీలు పెట్టుకుని కూర్చున్నాడు. నన్ను చూడగానే పదిమందికీ వినపడేలా, "రాండి సార్, కూకోండి. గొల్లభామల సారప్పా ఈయన," అన్నాడు. సిగ్గు లేదు, పగ లేదు. ఆ పగ లేకపోవడం నన్ను మరీ మండించింది.

"మోసం చేసి బతుకుతున్నావే, రాత్రి నిద్ర పడుతుందా నీకు?" అని అడిగాను.

బజ్జీ కొరుకుతూ ఆలోచించాడు. "మోసమే సార్. కాదనను. నేను తిరిగి చూసి, ఈడ ఉండాదప్పా అని చెప్తే ఎవురూ నమ్మరు. నువ్వేమన్నా ఇంజనీరా అంటారు. పురుగు చెప్తే నమ్ముతారు."

"అంటే వేలు ఆడిస్తున్నానని ఒప్పుకున్నట్టే కదా?"

"మీరూ ఆడిస్తిరి గదా సార్," అన్నాడు. "వేలు ఎవురైనా ఆడిస్తారు. నేను ఆడించేకి ముందు మూడు గంటలు తిరుగుతా. ఆ పొద్దు మీరు తిరగలే."

ఆ మాటన్నాక నూనె చెయ్యి తలకు రుద్దుకున్నాడు. నేను లేచి వచ్చేశాను. జవాబు చెప్పలేక కాదు, అలాంటివాడికి చెప్పడమేమిటని. బస్సులో బళ్లారి దాకా ఆ జవాబు వెతుక్కుంటూనే వచ్చాను.

ఇదీ ఆ మనిషి. ఇప్పుడు అతని కొడుకు మా వాకిట్లో సీసా పట్టుకుని నిలబడ్డాడు.

"నేల చూసేది మా నాయన నేర్పిచ్చినాడు సార్. లారీ లేని దినాల్లో ఆయన వెనకాల తిరిగినా. వేలు మాత్రం నాకు రాలేదు. స్టీరింగు పట్టి పట్టి మొద్దుబారినాయి వేళ్లు. నేను ఆడిస్తే అది ఎగిరిపోతాది. పోయే ముందర మా నాయన చెప్పినాడు, వేలు ఆ సారుకు వస్తాది, ఆయన్ని పిల్చుకోని పో అని."

నాకు నవ్వాలో తిట్టాలో తెలియలేదు. చచ్చి కూడా వేళాకోళం మానలేదు ఆ మనిషి.

"నేనెందుకు వస్తానయ్యా ఆ దొంగ పనికి? ఎవరిది చేను?"

"మీ చిన్నాయనదే సార్. మల్లా అంజూర పెడతాడంట. పాయింట్ నేను చూసినా. పక్క చేన్లో నీళ్లు పడినప్పట్నించి ఆయన కొడుకు పురుగునే నమ్ముతాండాడు, అది చెప్పందే రిగ్గు పిలవనంటాండాడు. సారును తీస్కోని రా అని మీ చిన్నాయనే పంపినాడు. ఈ పురుగూ ఆ చేన్లో పట్టిందే."

సీసాలో గొల్లభామ ముందు కాలు నోట్లో పెట్టుకుని శుభ్రం చేసుకుంటోంది. చిన్నాయనకు ఎనభై దాటాయి. ఈ వయసులో మళ్లీ మొక్కలు నాటుతాడట. నాకు ఆ కొట్టేసిన చెట్ల మొదళ్లు కళ్లముందు మెదిలాయి. వాటి గురించి ఈ పదేళ్లలో ఒక్కసారి కూడా ఆయనతో మాట్లాడలేదని అప్పుడు తట్టింది. చొక్కా వేసుకున్నాను. అతని వెంట బయలుదేరాను.

చేనుకు పోగానే కొడుకు మళ్లీ నడక మొదలుపెట్టాడు. పాయింట్ ముందే చూశాడు కదా, మళ్లీ ఎందుకంటే, "మీకు చూపిద్దామని సార్," అన్నాడు. ఈసారి నేనూ అతని వెనకాల తిరిగాను. పుట్ట చూపించాడు. ఏ గడ్డి ఎండలోనూ పచ్చగా ఉంటుందో చూపించాడు. మట్టి నా చేతిలో పోసి వాసన చూడమన్నాడు. నాకు మట్టి వాసనే వచ్చింది. మూడు గంటలు ఆ ఎర్రనేల మీద తిరిగి, పదేళ్ల కింద అతని తండ్రి చూపిన ఉత్తరపు మూలకే వచ్చి ఆగాం.

చిన్నాయన కొడుకు, రిగ్గు మనిషి, ఇద్దరు ముగ్గురు రైతులు చెప్పులు విడిచి దూరంగా నిలబడ్డారు. ముప్పై ఏళ్లు సైన్సు చెప్పిన నేను పుల్ల చివర గొల్లభామను పెట్టుకుని చేను మధ్యకు వచ్చి నిలబడ్డాను. కుడి చెయ్యి ఉత్తరానికి వేలాడేశాను. చిటికెన వేలు ఆడించాను. గొల్లభామ కదల్లేదు. దానికి ఎదురుగా ఒక ఈగ తిరుగుతోంది, దాన్నే చూస్తోంది.

చిన్నాయన కర్ర పొడుచుకుంటూ నా పక్కకు వచ్చాడు. మిగతావాళ్లకు వినబడనంత మెల్లగా, "ఇంగ కొంచెం ఆడించురా. దానికి కనపడలేదు," అన్నాడు.

నేను ఆయన వైపు తిరిగాను. "నీకు తెలుసా?"

"వాని వేలు సంగతి ఎప్పుట్నించో తెల్సు. మొదటి పొద్దే చూసినా."

"మరి ఆ రోజు... రోడ్డు పక్కన ఎందుకు తవ్వించావు చిన్నాయనా? పురుగు తిరిగిందనే కదా?"

"పురుగును యాడ చూసినారా నేను," అన్నాడు చిన్నాయన. "నీ వేలును చూసినా. మా అన్న కొడుకు, ఇన్ని సంవత్సరాలు చదువుకున్నోడు, అందరి ముందర వాని చేతిలో పుల్ల గుంజుకోని మరీ చూపిస్తాండాడే, ఏమీ తెలీకుండా చూపిస్తాడా అనుకొంటి."

ఆయన గొంతులో నిష్ఠూరం లేదు. నేను క్లాసుల్లో "ఒక రైతు" అని చెప్పుకుని నవ్వించిన మనిషి ఈయనే. మా కుటుంబంలో నన్ను నమ్మింది బహుశా ఈయనొక్కడే.

"ఆడించురా, వాళ్లు చూస్తాండారు," అన్నాడు.

నేను ఆడించలేదు. చెయ్యి దానంతట అదే వణకడం మొదలుపెట్టింది. ఎంత బిగబట్టినా వేళ్లు నిలవలేదు. గొల్లభామ ఈగను వదిలేసి, తల తిప్పి, నా చెయ్యి వైపు చూసింది.